ఆలస్యానికి కారణం

ఆ ఎండాకాలం మా ఆవిడ యూనిఫాం ప్యాంటు నడుము రెండుసార్లు విప్పి కుట్టాను. మొదటిసారి అంగుళం తగ్గించాను. నెల తిరక్కముందే ఇంకో అంగుళమున్నర. రెండోసారి టేపు చుట్టి చూసి, "నువ్వు తింటున్నావా, క్యారేజీ ఎవరికైనా పెట్టేస్తున్నావా?" అన్నాను.

"ఈ ఎండలకి అన్నం ఎవరికి సయిస్తుందండీ" అని, టేపు తనే తీసి నా మెడలో వేసి వెళ్ళిపోయింది.

నేను దర్జీని. మనిషి కొలత మారితే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పేస్తానని నలుగురి దగ్గరా గొప్పలు పోయేవాణ్ణి. నా ఇంట్లో కొలత మారినప్పుడు మాత్రం తప్పు ఎండల మీదకి తోసి ఊరుకున్నాను. బడులు తెరవబోతున్న రోజులు. ఇంటి ముందుగదే నా కొట్టు, దాన్నిండా నీలం గుడ్డ గుట్టలుగా పడి ఉండేది. రెండు వందల చొక్కాలకి కాజాలు తియ్యాలి. తల పైకెత్తితే పని ఆగిపోతుందని భయం.

మా ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. అప్పటికి తొమ్మిదేళ్ళ సర్వీసు. తెల్లారి అయిదింటికల్లా డిపోలో ఉండాలి. అక్కణ్ణుంచి ఊరి అవతల కొత్త కాలనీ దాకా గంటా ఇరవై నిమిషాలు, వెనక్కి మళ్ళీ అంతే. అలా మూడుసార్లు పోయి వచ్చాక బండి అప్పజెప్పి, రెండున్నరకి ఇల్లు చేరేది. రాగానే చెప్పులు కూడా విడవకుండా పెరట్లోకి పరిగెత్తేది. కాళ్ళు కడుక్కోవడానికనుకునేవాణ్ణి.

అమ్మ మాతోనే ఉండేది. పొద్దున్నే నీళ్ళసీసా నింపి కోడలి సంచిలో పెట్టడం అమ్మ పని. మధ్యాహ్నం ఆ సీసా ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చేది, ఒక్క గుక్క తగ్గకుండా.

"ఏమే అమ్మాయ్, ఈ నీళ్ళకి రోజూ ఊరు చూపించి తెస్తున్నావా?" అంది అమ్మ ఒకరోజు.

"అవునత్తయ్యా. పైగా టికెట్టు కూడా తీసుకోవు."

ముగ్గురం పడీ పడీ నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముఖం చెల్లదు.

*

ఒక మంగళవారం పదకొండు గంటలప్పుడు వాళ్ళ బస్సు కండక్టరు మా కొట్టు ముందు ఆటో దిగాడు. ఆయన్ని డిపోలో అందరూ "చిల్లర" అంటారు. "చిల్లర లేదు" అనకుండా ఎవరికీ టికెట్టు ఇవ్వడు గనక ఆ పేరు. అంత ఎండలో టికెట్ల సంచి భుజానే ఉంది.

"బావగారూ, ఆ కత్తెర పక్కన పెట్టండి. కంగారు పడకండి. అక్కని ఆసుపత్రిలో చేర్పించాం."

కంగారు పడకండి అన్న మాటకే కత్తెర అక్కడే పడేసి ఆటో ఎక్కాను. ఆటోలో పోతూ ఆయన చెప్పాడు.

"వంతెన దిగుతున్నాం. బండి కిటకిటలాడుతోంది. అక్క ఒక్కసారిగా పళ్ళు బిగపట్టింది. ఏంటక్కా అన్నా. పలకలేదు. ముఖమంతా చెమట. ఒక చెయ్యి పక్కటెముకల కింద నొక్కుకుని ఒక చేత్తోనే స్టీరింగు తిప్పుతోంది. వంతెన దిగింది, కూరగాయల బజారు దాటింది, సిగ్నలు దగ్గర ఆగింది, పచ్చలైటు పడ్డాక అదీ దాటింది. ఎడంపక్క ఖాళీ చూసి బండి ఆపింది. హ్యాండ్‌బ్రేకు లాగింది. ఇంజను ఆపింది. రెండు తలుపులూ తెరిచింది. 'తమ్ముడూ, అందర్నీ దించి వెనకొచ్చే బండి ఎక్కించు' అంది. ఆఖరి మనిషి దిగేదాకా అద్దంలో చూస్తూనే ఉంది. అప్పుడు తల వాల్చేసింది."

"ఎంతసేపు? వంతెన దగ్గర్నుంచి?"

"పావుగంట ఉంటుంది. నిలబడ్డవాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు తూలలేదు బావగారూ. కొంతమంది స్టాపు వచ్చిందనుకుని దిగి వెళ్ళిపోయారు."

ఆయన ముఖం అటు తిప్పుకుని సంచిలో ఏదో వెతుక్కున్నాడు.

*

డాక్టరు నలభై ఏళ్ళావిడ. మాట కటువు, చెయ్యి మెత్తన. సూది మందు పడ్డాక మా ఆవిడ కళ్ళు తెరిచి మంచం మీద సగం లేచి కూచుంది.

"కిడ్నీలో రాయి. ఈ నొప్పికి మగాళ్ళు నేల మీద పడి దొర్లుతారు. మీరు బస్సు నడిపారట" అని డాక్టరు కాగితాలు తిరగేసింది. "రోజులో ఎన్నిసార్లు ఒంటికి వెళ్తారు?"

మా ఆవిడ నా వంక చూసింది. అర్థమై లేవబోయాను.

"ఆయన్ని ఉండనివ్వండి. వినాల్సిన మనిషే" అంది డాక్టరు.

"పొద్దున నాలుగున్నరకి. మళ్ళీ ఇంటికొచ్చాక, రెండున్నరకి."

"మధ్యలో?"

"మధ్యలో లేదండి. అందుకే నీళ్ళు తాగను."

డాక్టరు కలం కింద పెట్టింది. "డిపోలో గది లేదా?"

"ఉందండి. తాళం ఆఫీసులో ఉంటుంది. ఆఫీసు పదింటికి తీస్తారు. పదింటికి మేం రోడ్డు మీద ఉంటాం. ఆ తర్వాత డిపోకి వచ్చినా, తాళం అడిగి తెచ్చుకునేలోగా మళ్ళీ బండి తియ్యాలి. ఆ చివర కొత్త కాలనీలో ఒక షెడ్డు, ఒక గోడ ఉన్నాయి. గోడ మగాళ్ళకి సరిపోతుంది."

తొమ్మిదేళ్ళు. ఇంటికి రాగానే ట్రాఫిక్ ఎలా ఉందని అడిగేవాణ్ణి. కొత్త బండి ఇచ్చారా, గేరు బాగా పడుతోందా, ఎవరైనా గొడవ పెట్టుకున్నారా, అన్నీ అడిగేవాణ్ణి. ఈ సంగతి అడగాలని నాకు తట్టలేదు. మా కొట్టు పక్కనే సందుంది. దాహమేస్తే కుండ ఉంది. అంతకు మించి నా ఆలోచన పోలేదు.

"రాయి పోతుంది," అంది డాక్టరు. "కానీ ఎడమ కిడ్నీ చాలాకాలంగా దెబ్బ తింటోంది. పోయినంత పోయింది, అది తిరిగి రాదు. మిగిలింది నిలబెట్టుకోవాలి. రోజుకి మూడు లీటర్ల నీళ్ళు. మూడు గంటలకి మించి ఆపుకోకూడదు. మీ డిపో వాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారమ్మా. నడుము అరిగిపోయినవాళ్ళు, షుగరొచ్చినవాళ్ళు, ఇంజను మోతకి ఒక చెవి పోయినవాళ్ళు. అందరూ ఆఖరికే వస్తారు. మీరు ఇంకా ఆఖరు దాకా రాలేదు."

మా ఆవిడ తల ఊపి, "మూడు గంటలంటే ఒక ట్రిప్పు పోయి వచ్చేంత," అంది తనలో తను లెక్కేసుకుంటూ.

*

మూడోరోజు డిపో మేనేజరు పళ్ళు పట్టుకుని వచ్చాడు. చెడ్డవాడేం కాదు. మంచం పక్కన నిలబడే మాట్లాడాడు.

"నీకు ఆఫీసులో టికెట్ల సెక్షనులో కుర్చీ చూశానమ్మా. ఫ్యాను కింద. పది నుంచి అయిదు. ఇంక స్టీరింగు జోలికి పోనక్కర్లేదు."

ఆవిడ నోరు తెరవకముందే నేను చేతులు జోడించేశాను. ఆవిడ మాత్రం, "ఆలోచించుకుని చెప్తాను సార్," అంది.

ఇంటికొచ్చాక ఇద్దరికీ మాటా మాటా పెరిగింది.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాను.

"ఆ కుర్చీలో నేను కూచుంటే నా సీట్లో ఎవరు కూచుంటారు?"

"ఎవరో ఒకరు."

"ఆ ఎవరో ఒకరికి కిడ్నీలు ఉండవా?"

గోడవారన కూచున్న అమ్మ ఫక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. "నువ్వు నవ్వకమ్మా! దీని ప్రాణం మీదకొచ్చింది."

"నవ్వక ఏం చెయ్యమంటావురా, అది అడిగిందానికి నీ దగ్గర జవాబుందా?"

మా ఆవిడ గొంతు తగ్గించింది. "నాకు బండి నడపడం ఇష్టమండీ. మీకు మిషనంటే ఇష్టం లేదూ? రేపు మీ కళ్ళు మసకబారాయని, గుడ్డల కొట్లో గల్లాపెట్టె దగ్గర కుర్చీ వేస్తామంటే వెళ్తారా?"

వెళ్ళనని నాకు తెలుసు. తనకీ తెలుసు. వెళ్ళి మిషను ముందు కూచుని, ఆ సాయంత్రం నాలుగు చొక్కాలకి కాలర్లు తిరగేసి కుట్టాను.

*

మూడు వారాల సెలవు కాగానే మళ్ళీ స్టీరింగు పట్టింది. సంచిలో ఒకటి కాదు, రెండు సీసాలు.

ఆ దారిలో సరిగ్గా నడిమధ్యన ఒక పిండిమర ఉంది. డ్యూటీకి ముందురోజు మా ఆవిడ అక్కడికి వెళ్ళి, మర నడిపే ఆవిడతో తన బాధ చెప్పుకుందిట. ఆవిడ కనుబొమల మీద పిండి దులుపుకుంటూ, "దీనికి బతిమాలడం ఎందుకు తల్లీ, వెనకే ఉంది గది. గొళ్ళెం సరిగ్గా పడదు, కాస్త చూసుకో" అందిట.

మర్నాడు ఎనిమిది గంటలప్పుడు, నలభై ఆరుమంది ఉన్న బస్సుని మర ముందు పక్కకి ఆపి, ఇంజను ఆపి, కిందకి దిగింది. తిరిగొచ్చేసరికి చిల్లర జనానికి సర్దిచెప్తున్నాడు, "చిన్న సాంకేతిక లోపం, రెండు నిమిషాలు ఓపిక పట్టండి" అని.

"లోపం ఏం లేదు తమ్ముడూ. బాత్రూంకి వెళ్ళానని చెప్పు" అని సీట్లో కూచుని బండి తీసింది. అది చెప్పడానికి తనకి చెమటలు పట్టాయని చిల్లరే నాతో అన్నాడు.

డ్యూటీ దిగాక ప్రతి డ్రైవరూ ఒక రిపోర్టు కాగితం నింపాలి. ఏ ట్రిప్పు ఎన్ని నిమిషాలు ఆలస్యమైంది, ఆలస్యానికి కారణం ఏమిటి అని అందులో గళ్ళుంటాయి. మా ఆవిడ ఆ గడిలో గుండ్రటి అక్షరాలతో రాసింది: "మూత్రానికి ఆగాను. 4 నిమిషాలు."

కాగితాలు తీసుకునే టైమ్ కీపరు అదిరిపడ్డాడుట. "ఇదేంటమ్మా! ట్రాఫిక్ అని రాసెయ్. అందరూ అదే రాస్తారు."

"ట్రాఫిక్ లేదుగా సార్."

"లేకపోతే ఏం, ఉన్నట్టు రాయి."

"రేపు ఎవరైనా వచ్చి చూస్తే ఆ రోడ్డు ఖాళీగా ఉంటుంది సార్. అప్పుడు అబద్ధం నాది అవుతుంది."

మర్నాడూ అదే రాసింది. ఆ మర్నాడూ అదే. రోజుకి మూడు ట్రిప్పులకీ మూడుసార్లు.

నాలుగు రోజులు తిరిగేసరికి సంగతి ఊరంతా పాకింది. ప్యాంటు కొలతలివ్వడానికొచ్చిన మా వీధి మేష్టారు, కొట్లో నలుగురుండగా, "ఏమోయ్ దర్జీ, మీ ఆవిడ కొత్త స్టాపు పెట్టిందటగా! దాని పేరేమిటి?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. నవ్వి, ఆయన కాలి పొడుగు రెండుసార్లు తప్పు రాసుకున్నాను.

ఆ మధ్యాహ్నం మా ఆవిడతో అన్నాను. "ఆగితే ఆగావు. ఆ మాటే రాయాలా? ఇంకేదైనా రాయచ్చుగా."

"ఏమని?"

"అనారోగ్యం అని."

"అనారోగ్యం రాకూడదనే కదండీ ఆగుతున్నది?"

నా ముఖంలో ఏం చూసిందో గాని, అన్నం కూడా నాతో కలిసి తినలేదు ఆ పూట.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి మెమో వచ్చింది. దిన నివేదికలో మర్యాదకు భంగకరమైన పదజాలము ఉపయోగించినందున మూడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను, అని. మా ఆవిడ నేను గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూచుని జవాబు రాసింది. రాసి నా ముందు పెట్టింది, తప్పులుంటే దిద్దమని.

"అయ్యా, ఆ మాట నేను పుట్టించింది కాదు. డాక్టరుగారి చీటీలో ఉంది. చీటీ జతపరిచాను. ఇంతకన్నా మర్యాదైన మాట ఏదైనా ఉంటే సెలవివ్వండి, రేపటి నుంచి అదే రాస్తాను. ఆగడం మాత్రం మానలేను."

దిద్దడానికి ఏమీ దొరకలేదు. అమ్మ అది రెండుసార్లు చదివించుకుని, "మానలేను కాదే, మానను అని రాయి" అంది. మా ఆవిడ కొట్టేసి "మానను" అని రాసింది.

*

కొత్త కాలనీ బడికి నలభై చొక్కాలు అప్పజెప్పాలి. మామూలుగా ఆటోలో పంపించేవాణ్ణి. ఆ రోజు మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళి మా ఆవిడ బస్సే ఎక్కాను. ఎందుకెక్కానో అప్పుడు నన్నడిగితే, ఆటో దొరకలేదని చెప్పి ఉండేవాణ్ణి.

అద్దంలో నన్ను చూసింది. నవ్వలేదు, తల తిప్పలేదు. చిల్లర వచ్చి, "బావగారైనా సరే, సరిపడా చిల్లర ఇవ్వాలి" అని టికెట్టు చింపిచ్చాడు. డ్రైవరు వెనక రెండో వరసలో చోటు దొరికింది.

తొమ్మిదేళ్ళలో తను నడుపుతుంటే అంత దగ్గరగా కూచుని చూడటం అదే మొదలు. పక్కనే ఇంజను. దాని మూత మీద తడిగోనె పరిచి ఉంది. మూడు స్టాపులు దాటేసరికి గోనె ఎండిపోయి అట్టకట్టింది. సీటు స్ప్రింగు ఒక పక్కకి కుంగిపోతే, దాని కింద పాత దుప్పటి మడిచి పెట్టుకుంది. ఆ దుప్పటి మా ఇంట్లోంచి ఎప్పుడు మాయమైందో నాకు తెలీదు. నేనూ కాళ్ళతో పని చేసేవాణ్ణే గనక ఆవిడ ఎడంకాలు చూశాను. వంతెన నుంచి కూరగాయల బజారు దాకా డెబ్భై మూడుసార్లు క్లచ్చు తొక్కింది. తర్వాత లెక్కపెట్టడం మానేశాను. నా మోకాలు నొప్పెట్టింది.

అయినా బండి నీళ్ళ మీద పోతున్నట్టు పోతోంది. కర్ర పట్టుకున్న ముసలాయన ఎక్కితే, ఆయన కూచునేదాకా గేరు వెయ్యలేదు. స్కూటరువాడు ఎదురుగా అడ్డం తిరిగితే హారన్ కొట్టలేదు, తిట్టలేదు, కాలు అలా నొక్కి ఇలా తీసింది. నా ఒళ్ళో మూట కూడా కదల్లేదు. ఇంత నేర్పు మా ఇంట్లో అన్నం తిని, గిన్నెలు కడిగి, అమ్మ కాళ్ళకి నూనె రాసి పడుకుంటోందా అనుకున్నాను.

పిండిమర దగ్గర బండి ఆగింది.

"ఇదేం బస్సండీ!" అని వెనకనుంచి తోలుసంచి పట్టుకున్నాయన అరిచాడు. "ఎక్కడ పడితే అక్కడ ఆపెయ్యడమేనా? మాకు పనుల్లేవా?"

నా చెవులు వేడెక్కాయి. లేచి ఏదో అనాలి. చిల్లర గొంతు సవరించుకుంటున్నాడు. ఈలోగా మూడో వరసలో ఒక ముసలావిడ సంచి పక్కనున్నామె ఒళ్ళో పడేసి లేచింది.

"అమ్మా, డ్రైవరమ్మా, ఉండు. నేనూ వస్తా. ఎక్కినకాడ్నించీ బిగపట్టుకు కూచున్నా."

మెట్ల మీద ఉన్న మా ఆవిడ వెనక్కి తిరిగి ఆవిడకి చెయ్యందించింది. ముసలావిడ వెనకాలే నెలలు నిండిన ఒకమ్మాయి లేచింది. ఆ తర్వాత ఇద్దరు నర్సులు. ఆ తర్వాత ఎవరికీ మొహమాటం మిగల్లేదు. మరావిడ మిషను ఆపి బయటికొచ్చి, "ఇంతమందా! గొళ్ళెం పడదమ్మా, ఒకళ్ళు తలుపు పట్టుకోండి" అని కేకేసింది. మా ఆవిడే తలుపు పట్టుకుని నిలబడింది. అందరూ అయ్యాక ఆఖర్న తను వెళ్ళింది.

తోలుసంచి ఆయన గడియారం చూసుకున్నాడు. కిటికీలోంచి చూశాడు. మళ్ళీ గడియారం చూసుకున్నాడు. కాసేపటికి దిగి వెళ్ళి మరావిడని చిన్నగా ఏదో అడిగాడు. ఆవిడ వెనకవైపు చూపించింది.

నా పక్కన కూచున్నాయన కిటికీ మీద మోచెయ్యి ఆనించి, "ఎవరి తాలూకో గాని గట్టి మనిషండీ ఈ డ్రైవరమ్మ" అన్నాడు.

"మా ఆవిడ" అన్నాను.

"ఆఁ?"

"మా ఆవిడండీ" అన్నాను, ముందు వరసల వాళ్ళు కూడా తిరిగి చూసేట్టు.

ఆ రోజు కాగితంలో ఆవిడ రాసింది: "మూత్రానికి ఆగాను. 11 నిమిషాలు. నాతో పాటు తొమ్మిదిమంది."

*

విచారణ అన్నారు. నేనూ వెళ్ళాను. కొట్టు తలుపు మీద "డిపోకి వెళ్ళాను" అని కాగితం అంటించి మరీ వెళ్ళాను. నన్ను లోపలికి రానివ్వలేదు. వరండాలో బల్ల మీద కూచున్నాను. తలుపు తీసే ఉంది గనక అంతా కనపడుతోంది, వినపడుతోంది.

మేనేజరు ముందు కాగితాల కట్ట ఉంది. కొంతమంది డ్రైవర్లు గోడవారన నిలబడ్డారు. వాళ్ళెందుకొచ్చారో నాకు ముందు అర్థం కాలేదు.

"ఇది నీ ఒక్కదాని కాగితమే అయితే ఇంత దూరం రాకపోను," అన్నాడు మేనేజరు మా ఆవిడతో. "ఈ పది రోజుల్లో పద్నాలుగుమంది ఇదే రాశారు. ఇదుగో, ఇది చూడు. 'షుగరు ఉంది. రెండుసార్లు ఆగాను. ఆరు నిమిషాలు.' ఎవరిదిది?"

గోడవార నుంచి ఒకాయన ముందుకొచ్చాడు. డిపోలో అందరికంటే పెద్ద డ్రైవరు. అందరూ పెద్దన్నా అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళలో ఒక్క ప్రమాదం లేదని ఆయన ఫొటో వరండాలోనే, నా తల పైన వేలాడుతోంది.

"నాదే సార్. నేను గంటకోసారి వెళ్ళాలి. ఆరేళ్ళుగా సీటు కింద ఖాళీ సీసా పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో ఆడదానికి కూడా చెప్పలేదు." ఆయన మా ఆవిడ వైపు చెయ్యి చూపించాడు. "ఈ అమ్మాయి రాసింది చూశాక సిగ్గేసింది సార్. ముప్పై ఏళ్ళలో ఆ గడిలో మొదటిసారి నిజం రాశాను."

మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళూ మీరంతా ట్రాఫిక్ అని రాశారు. నేనూ పై ఆఫీసుకి ట్రాఫిక్ అనే పంపాను. ఇప్పుడు నన్నేం పంపమంటావమ్మా?"

"రాసింది రాసినట్టే పంపండి సార్" అంది మా ఆవిడ.

"ఆ మాటే?"

"ఆ మాటే."

ఆయన కట్టని సరిచేసి, దారం చుట్టి ముడి వేశాడు. "సరే, పోండి. బళ్ళు తియ్యండి" అన్నాడు. విచారణ అంతే.

పంపాడు. పై ఆఫీసు నుంచి ముందు ఒక కోపంగా ఉన్న ఉత్తరం వచ్చింది. తర్వాత ఇద్దరు మనుషులు వచ్చి రెండు రోజులు బస్సుల్లో తిరిగారు. వానలు జోరందుకునేవేళకి ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఎనిమిది నిమిషాలు కలిపారు. డిపోలో గది తాళంచెవి ఆఫీసులోంచి బయటి గోడ మేకుకి వచ్చింది. వానాకాలం ముగిసేసరికి కొత్త కాలనీ షెడ్డు పక్కన రెండు గదులు, ఒక కుళాయి లేచాయి. ఇంజను వేడి అలాగే ఉంది. సీటు కుంగు అలాగే ఉంది. దాన్ని గురించి ఇప్పుడు పద్నాలుగుమంది కాదు, నలభైమంది రాస్తున్నారని చిల్లర చెప్పాడు.

పిండిమర ఆవిడకి నేను ఒక జాకెట్టు కుట్టిచ్చాను. గొళ్ళెం కూడా నేనే వెళ్ళి బిగించాను.

*

ఆరునెలల పరీక్షకి మా ఆవిడతో ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు స్కాను ఫిల్ము వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది.

"పోయింది పోయింది. ఉన్నది ఉంది," అంది. "ఇలాగే ఉంటే ఇంకో పదిహేనేళ్ళు నడపచ్చు."

"ఇంక పన్నెండేళ్ళే సర్వీసు మిగిలిందండీ" అంది మా ఆవిడ. డాక్టరు నవ్వడం ఆ రోజే చూశాను.

తిరుగుబస్సు ఎక్కితే పెద్దన్న నడుపుతున్నాడు. మా ఆవిడ కిటికీ పక్కన కూచుంది. డ్యూటీ లేని రోజు బస్సులో కూచోవడం తనకి చేతకాదు. బండి మలుపు తిరిగినప్పుడల్లా ఎడంకాలు నేలకేసి నొక్కుతోంది. నా చెయ్యి తన మోకాలి మీద పెట్టాను. అమ్మ చూస్తే ఏమనేదో గాని, ఆవిడ మాత్రం తీసెయ్యలేదు.

సగం దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర బండి పక్కకాగింది. పెద్దన్న ఇంజను ఆపి, నడుము మీద ఒక చెయ్యి వేసుకుని ఒక్కొక్క మెట్టూ దిగాడు. బస్సు నిండా జనం. మధ్యాహ్నం ఎండ కిటికీల్లోంచి ముఖాల మీద పడుతోంది. కండక్టరు టికెట్లు కొడుతూనే ఉన్నాడు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. ముందు సీట్లో ఒకామె పిల్లకి జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. వెనక ఎవరో ఫోనులో, "డ్రైవరు దిగాడు, వచ్చేస్తాడు, అయిదు నిమిషాలు అటూఇటూగా ఉంటా" అంటున్నారు.

కాసేపటికి పెద్దన్న బంకు వెనకనుంచి వచ్చాడు. ఇంతమంది తన కోసం కూచున్నారని చూసుకుని, తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ పరుగులాంటి నడక అందుకున్నాడు.

మా ఆవిడ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"పరిగెత్తకన్నా! నిదానంగా రా. మాకేం తొందర లేదు."